పలక మీది బరువు దించిన పంతులు
శ్రీ గిడుగు వెంకట రామమూర్తి గారి జీవితము

మన గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిండించుకొన్న ఈ శుభసమయమున, సంచికకు ఒక మహనీయుని జీవితము వ్రాసి యిమ్మని కార్యవర్గము వారు నన్ను కోరిరి. వీరుల చరిత్రములును భక్తుల చరిత్రములును మన బీరువాలలో కొల్లలుగా నున్నవి. కావున నేనొక బడిపంతులు గారి జీవితమును ఎన్నుకొంటిని. అందుకు కారణము గలదు. పిల్లలను వెంటబెట్టుకొని మన పఠనమందిరమునకు వచ్చు తలిదండ్రుల నడుమ తరచుగా ఒక వాదము జరుగుచుండును. రెండవ తరగతి బిడ్డకు ఇంటికడ వ్రాయుమని యిచ్చెడి మాటలును, ఆ మాటలలోని ఒత్తులును వాని వయస్సునకు మించిన బరువని కొందరి మాట. మొక్కగా వంగనిది మానుగా వంగదని మరికొందరి మాట. ఈ వాదము నేటిది కాదు. నూరేండ్లకు ముందే దీనిని తలకెత్తుకొని, ఉద్యోగము ముగిసిన వెనుక విశ్రాంతిని సైతము దీనికే ధారవోసిన ఉపాధ్యాయుడొకరు మన జాతిలో నుండిరి. వారే శ్రీ గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు.

వంశధారా నదీతీరమున, శ్రీకాకుళమునకు ఉత్తరముగా నున్న పర్వతాలపేట యను పల్లెలో 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన వీరు జన్మించిరి. తండ్రి వీర్రాజు గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ గారు. తండ్రిగారికి చోడవరమునకు బదిలీ యయ్యెను. అక్కడనే 1875లో విషజ్వరము తగిలి ఆయన కాలధర్మము నొందిరి. అప్పటికి బాలునికి పండ్రెండేండ్లు. మేనమామగారి ఆదరమున పెరుగుచు, విజయనగరమున మహారాజావారి ఆంగ్ల పాఠశాలలో చేరి చదివెను. తరువాతి కాలమున కన్యాశుల్క నాటకకర్తగా కీర్తికెక్కిన గురజాడ అప్పారావు గారు ఆ బడిలో ఆయన సహాధ్యాయి. ఆ చెలిమియే మున్ముందు తెలుగునాట ఒక మహోద్యమమునకు బీజమైనది.

1879లో మెట్రిక్యులేషను పరీక్ష నెగ్గి, మరుసటి యేడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతమునకు ఉపాధ్యాయులుగా కుదిరిరి. అప్పటికి ఆయనకు ఇంకను పదునెనిమిదేండ్లు నిండలేదు. పగలు పిల్లలకు చరిత్ర బోధించుచు, తీరిక వేళలలో తాము చదువుకొని 1886లో ఎఫ్.ఏ. పరీక్షలోను, 1896లో బి.ఏ. పరీక్షలోను కృతార్థులైరి. చరిత్ర చెప్పువానికి చరిత్ర తెలియవలెను గదా! సమీపముననున్న ముఖలింగ దేవాలయముల శాసనములను చదువుటకై ప్రాచీన లిపులను గురువు లేకయే అభ్యసించిరి. ఈ విధముగా ముప్పదియేండ్లు పిల్లల నడుమ గడచినవి. ఏ పాఠము బిడ్డ తలకెక్కునో, ఏది నాలుక చివరనే నిలిచిపోవునో ఎరుగుటకు ఇంతకు మించిన అవకాశము వేరొకటి యుండదు.

పర్లాకిమిడి చుట్టును మన్యము. అందు సవరలు నివసింతురు. వారి భాషకు అప్పటికి వ్రాత లేదు. వారి బిడ్డలకు బడి లేదు. రామమూర్తి గారు తెలుగు, సవర రెండును తెలిసిన యొకనిని ఇంట నుంచుకొని ఆ భాషను నేర్చిరి. అడవులలో తిరిగిరి. మన్యపు జ్వరములును, వానికై వాడిన మందులును ఆయన వినికిడిని దెబ్బతీసినవి. పరుల నోటి పలుకులను చెవి యొగ్గి విని భద్రపరచుటకు పూనుకొన్న వానికే చెవుడు ప్రాప్తించుట విధి వైపరీత్యము. అయినను ఆయన వెనుదీయలేదు. సవర భాషలో పుస్తకములు వ్రాసి, సొంత సొమ్ముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములిచ్చి, ఆ బిడ్డలకు వారి భాషలోనే చదువు చెప్పించిరి. ఈ కృషికి మద్రాసు ప్రభుత్వము వారు పారితోషికము ఈయబోగా, అది తమకు వలదనియు, ఆ ధనముతో బడి పెట్టుడనియు కోరిరి. 1913లో ప్రభుత్వము వారు రావు బహదూరు బిరుదము నిచ్చిరి. ఆయన రచించిన సవర వ్యాకరణము 1931లో వెలువడినది. తదుపరి కోశమును వెలువడినది.

ఈ సవర బడులు ఆయనకు నేర్పిన పాఠమొకటి గలదు. నోట నున్న మాటనే వ్రాతలో చూపినప్పుడు బిడ్డకు వ్రాత భయంకరము కాదు. తాను పలికినదే కంటికి కనబడుచున్నది గనుక వానికి అది వేడుక. హెన్రీ స్వీట్, యెస్పర్సన్ మున్నగు పాశ్చాత్య భాషావేత్తల గ్రంథములు చదివినప్పుడు ఆయనకు ఈ యనుభవమే శాస్త్రరూపమున కనిపించినది. భాష మొదట చెవికిని నోటికిని సంబంధించినది, పిదపనే చేతికి. అట్లయిన మన తెలుగు బిడ్డల మాటేమి?

నాటి తెలుగు బడుల స్థితిని నేటివారికి కొంత వివరింపవలసియున్నది. పరవస్తు చిన్నయసూరి గారి బాలవ్యాకరణము 1858లో వెలువడినది. అది మహాపండితుని కృతి, సందేహము లేదు. అయితే కావ్యభాషకు చెప్పిన ఆ నియమములనే బడిపిల్లల వ్రాతకును కొలబద్దగా నిలిపిరి. వాడు, నేడు అని పలుకు బిడ్డ వాఁడు, నేఁడు అని అరసున్నతో వ్రాయవలెను. ఆ అరసున్న యొకప్పుడు ముక్కుతో పలికిన ధ్వనికి గురుతు. ఆ ధ్వని వ్యవహారమున నశించి ఎన్నియో తరములైనది, గురుతు మాత్రము మిగిలినది. అట్లే రెండు రేఫములు. ఊరు, పేరు, నీరు అను మాటలకు సాధు రేఫము. చెఱువు, చెఱకు, గొఱ్ఱె, కఱ్ఱ అను వానికి శకట రేఫము. బిడ్డ నోట రెండును ఒక్కటియే. పారెడి ఏఱు ఒక తీరున, గింజలను ఏరుట వేరొక తీరున వ్రాయవలెనన్నచో, పల్లెటూరి బాలుడు దేనిని ఆధారముగా గొని నిర్ణయించును? వినుటకు భేదము లేదు, కనుటకు గుర్తు లేదు. ప్రతి మాటను వేరువేరుగా కంఠస్థము చేయుట యొక్కటే మార్గము. వీనికి తోడు క వచ్చుచోట గ, ప వచ్చుచోట వ వ్రాయవలసిన సంధి నియమములు. తప్పినచో బెత్తపు దెబ్బ.

గ్రామ లెక్కలు వ్రాయువాడను గనుక నాకు తోచిన పోలిక చెప్పెదను. పద్దు వెనుక సరకుండవలెను. సరకు లేని పద్దును చిట్టాలో నిలిపి, దానిని తప్పక వ్రాయుమని గుమాస్తాను దండించుట న్యాయమా? ధ్వని లేని అక్షరము అట్టి పద్దు.

1907లో యేట్సు అను ఆంగ్లేయ దొర ఉత్తర జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చెను. జనులు మాటలాడు తెలుగునకును పుస్తకములలోని తెలుగునకును ఇంత భేదమేల యని ఆయన పండితుల నడిగెను. సరియైన సమాధానము దొరకలేదు. విశాఖపట్టణమున ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులైన పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఈ ప్రశ్నకు గురజాడ, గిడుగు వారలే సమాధానము చెప్పగలవారని తెలిపిరి. అది మొదలు ఈ నలువురు ఒక్కటై పనిచేసిరి. 1911లో రామమూర్తి గారు ఉద్యోగము చాలించిరి. ఇతరులు విశ్రమించు వయస్సున ఆయన యుద్ధమారంభించిరి.

1912, 1913 సంవత్సరములలో స్కూలు ఫైనలు వ్యాస పరీక్షను ఆధునిక వ్యవహార భాషలోను వ్రాయవచ్చునని అనుమతి కలిగినది. వెంటనే తెలుగునాట పెద్ద కలకలము బయలుదేరినది. జయంతి రామయ్య పంతులు గారు మొదలైన పెద్దలు దీనిని తీవ్రముగా ఎదిరించిరి. వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. శ్రీకాకుళపు పలుకు వేరు, నెల్లూరి పలుకు వేరు. ఎవరికి వారు పలికినట్లు వ్రాసినచో ఒకరి వ్రాత మరియొకరికి చెల్లదనియు, నన్నయ తిక్కనల కవిత్వము మనవారికి పరాయిదగుననియు వారి భయము. 1914లో గురజాడ వారు తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. కాని 1915లో ప్రభుత్వము వారు ఆ అనుమతిని ఉపసంహరించుకొనిరి. ఆ సంవత్సరము నవంబరు 30వ తేదీన గురజాడ వారు స్వర్గస్థులైరి. వినికిడి తగ్గిన ఏబదిరెండేండ్ల గిడుగు వారు, చిన్ననాటి చెలికానిని పోగొట్టుకొని, ఓడిన పక్షమున మిగిలిరి.

అయినను ఆయన ఊరకుండలేదు. 1919లో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము స్థాపింపబడినది. కందుకూరి వీరేశలింగము పంతులు గారు దానికి అధ్యక్షులైరి. కాని ఆ సంవత్సరమే వారును అస్తమించిరి. అదే యేట రామమూర్తి గారు తెలుగు అను పేర మాసపత్రికను నెలకొల్పిరి. అది యొక్క సంవత్సరము మాత్రమే నడచినది. పత్రిక యాగినను ప్రసంగములు ఆగలేదు. ఊరూర సభలలో గ్రంథములను ముందుంచుకొని ప్రయోగములు చూపుచు వాదించిరి. 1925లో తణుకున జరిగిన సభలో నాలుగు గంటలసేపు ప్రసంగించిరి. గిడుగు కాదు పిడుగు అని జనులు చెప్పుకొనుట ఇట్టి ప్రసంగముల వలననే.

ఆయన వాదమునకు ప్రాణమైన విషయమొకటి గలదు. ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము మొదలగు గ్రంథములలో ఆయన, గ్రాంథికమును నిలుపవలెనని వాదించు పండితుల రచనలనే పరిశీలించి, వారు విధించిన నియమమును వారే ఎచ్చటెచ్చట తప్పిరో ఎత్తి చూపిరి. పండితులను అవమానించుటకే ఇట్లు చేసిరని కొందరు నొచ్చుకొనిరి. నేనట్లు తలపను. జీవితమంతయు శాస్త్రము చదివినవారే నిర్దోషముగా వ్రాయజాలని వ్రాతను ఎనిమిదేండ్ల బిడ్డ వ్రాయలేదని కొట్టుట తగునా యన్నదే ఆయన ప్రశ్న. గద్యచింతామణిలో పూర్వుల వచన రచనలను సేకరించి, మన పెద్దలు వచనము వ్రాయునప్పుడు వాడుక మాటలను వెలివేయలేదని చూపిరి.

పలుకు భేదముల గూర్చిన ఆక్షేపణకును ఆయనకడ సమాధానముండెను. ఆయన కోరినది తోచినట్లు వ్రాయుట కాదు. చదువుకొన్నవారు సభలలోను ఇండ్లలోను మాటలాడు శిష్టవ్యవహారమే అందరికిని ఉమ్మడి వ్రాత కావలెనని కోరిరి. కావ్యములను త్రోసిపుచ్చుమనియు ఆయన చెప్పలేదు. వాటిని అంతగా చదివినవారే అరుదు. ముందు బిడ్డకు తన మాటను వ్రాయుట రావలెను, పిదప పై తరగతులలో కావ్యభాష చదువుటకు రుచి కలుగును. వరుస తప్పరాదన్నదే ఆయన పట్టు. నాలుగు దశాబ్దములుగా భారత భాగవతములు చదువుకొను నేను గ్రాంథికము వ్రాయుచున్నాను. ఇది వయస్సు వచ్చిన పిదప ప్రీతితో ఎన్నుకొన్న నడక. అయినను, ఉదాహరణములకు తప్ప, ఈ వ్యాసమున అరసున్న లేదు, శకట రేఫము లేదు. మీకు చదువుట కెచ్చటను అడ్డు రాలేదు గదా!

1936 ఏప్రిలులో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినప్పుడు పర్లాకిమిడి అందు చేరినది. అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ పట్టణమును విడిచి వృద్ధుడైన రామమూర్తి గారు రాజమహేంద్రవరము చేరిరి. 1940 జనవరి 22వ తేదీన మద్రాసు నగరమున కీర్తిశేషులైరి. తాము కోరిన భాష పాఠ్యపుస్తకములలో స్థిరపడుట వారు కన్నులార చూడలేదు. నేడు పత్రికలును, పాఠ్యపుస్తకములును ఆయన చూపిన త్రోవనే నడచుచున్నవి. ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

ఇక మన పఠనమందిరపు వాదము. అరసున్న పోయినది, శకట రేఫము పోయినది. కాని శ, ష, స లును, ఒత్తక్షరములును మిగిలియున్నవి. శంఖమును సంకమనియు, భాషను బాసయనియు పలుకు ఇంటి బిడ్డకు ఇవి నేటికిని కష్టమే. ఇవి విడువరానివి, నేర్పవలసినవే. కాని ఎప్పుడు, ఏ వరుసలో? రామమూర్తి గారి జీవితము నుండి నేను గ్రహించినది ఇది: బిడ్డ యే మాటను పలుకునో, యే మాట అర్థము నెరుగునో, దానినే మొదట వ్రాయింపవలెను. కష్టమైన మాటను ముందు బిగ్గరగా చదివించి, చెవికి అలవాటైన పిదప పలక మీదికి తేవలెను. దినమునకు ఇరువది మాటలు ఏడ్చుచు వ్రాయుట కంటె, ఐదు మాటలు తెలిసి వ్రాయుట మేలు. ఒత్తు తప్పినందుకు బిడ్డను కొట్టినచో వానికి ఒత్తు రాదు, బడి మీద విరక్తి మాత్రము వచ్చును. అట్లు విరక్తి చెంది బడి మానిన బిడ్డ చేతికి ఈ గ్రంథాలయమున నున్న పుస్తకములలో ఒక్కటియు ఎన్నటికిని చేరదు. మన వేల గ్రంథములును వానికి మూసిన తలుపులే.

మన గ్రంథాలయమున బాలల కథల పుస్తకములున్నవి. ఇంటిపని ముగిసిన పిదప కాదు, ముగియక మునుపే బిడ్డచేత అందొక పుట చదివింపుడు. కంటికి పలుమారు కనబడిన మాటను చేయి తానే నేర్చుకొనును. అడవిబిడ్డల కొరకు చెవులు పోగొట్టుకొని, బడిపిల్లల కొరకు విశ్రాంతిని విడిచిన ఆ పంతులు గారికి మనము చెల్లింపగల గురుదక్షిణ ఇంతకంటె వేరొకటి లేదు.