గోడమీది బొమ్మలను చదివిన ఎల్విన్

బరంపురం నుండి పర్లాకిమిడి వైపు వెళితే ఎత్తైన కొండలు కనిపిస్తాయి. అవి సవరలు నివసించే కొండలు. పూర్వం గంజాం జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 1992 నుండి గజపతి జిల్లాలో ఉంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకొని, దానికి వ్యాకరణాన్ని, నిఘంటువులను సమకూర్చారు. ఆయన సవరల మాటను లోకానికి వినిపించారు. వారి బొమ్మల అర్థాన్ని లోకానికి తెలిపిన మహనీయుడు వెరియర్ ఎల్విన్.

ఎల్విన్ 1902వ సంవత్సరం ఆగస్టు 29వ తేదీన ఇంగ్లండులోని డోవర్‌లో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్నత విద్య పూర్తిచేసి, 1927లో భారతదేశానికి వచ్చారు. గాంధీజీ ప్రభావం ఆయనపై పడింది. 1932లో నేటి మధ్యప్రదేశ్‌లోని మండ్లా జిల్లాకు వెళ్లి, గోండుల గ్రామంలో గుడిసె వేసుకొని వారి సేవలో నిమగ్నులయ్యారు.

1940వ దశకంలో ఆయన గంజాం, కోరాపుట్ జిల్లాల సవర గ్రామాలకు వచ్చారు. పలుమార్లు కొండలెక్కి, ఆ ఊళ్లలోనే బస చేశారు. అక్కడి ఇళ్లలో ఎర్రమట్టితో అలికిన గోడలపై తెల్లని బొమ్మలు ఆయనను ఆకర్షించాయి. బియ్యప్పిండిని నీటిలో కలిపి, కొస నలిపిన పుల్లతో వాటిని వేసేవారు. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినా, పంట బాగా పండాలని కోరుకున్నా, చనిపోయిన పెద్దలను తలచుకోవాలన్నా ఇటువంటి బొమ్మ వేయించేవారు. దానిని ‘ఇత్తాల్’ అంటారు. అది దేవతలకు, పితరులకు కట్టిన ఇల్లని వారి నమ్మకం.

ఈ బొమ్మలలో మనుషుల ముఖకవళికలు కనిపించవు. అయినా ఎవరు ఎవరో చూడగానే తెలుస్తుంది. వారి కదలికే వారి గుర్తు. బరువులు మోస్తూ నడిచేవారు, చెట్లెక్కేవారు, వేటకు పోయేవారు, వరుసగా నిలిచి నాట్యం చేసేవారు సామాన్య జనం. గుర్రం మీదనో, ఏనుగు మీదనో వచ్చేవాడు గొప్పవాడు. తుపాకి పట్టినవాడు ప్రభుత్వోద్యోగి. కొండదారుల్లో కాలినడకన తిరిగే సవరలు తమ దేవతలకు మాత్రం రాజుల వాహనాలనే ఇచ్చారు. కాలం మారేకొద్దీ సైకిలు, విమానం కూడా గోడమీదికి చేరాయి. అధికారం ఎవరిదో, శ్రమ ఎవరిదో అక్షరాలు రాని ఆ ప్రజలు ఈ విధంగా గీసి చూపారు.

చదువుకున్నవారు కొందరు ఇవి పిల్లల గీతలని తేలికగా తీసివేసేవారు. ఎల్విన్ అలా అనుకోలేదు. ఏ బొమ్మ ఏ ఇంట్లో, ఎందుకు వేశారో ఓపికగా అడిగి తెలుసుకున్నారు. 1951లో మధ్య భారత గిరిజన కళపై, 1955లో సవరల మతంపై గొప్ప గ్రంథాలు ప్రకటించారు.

1954లో ఆయన భారత పౌరసత్వం స్వీకరించి, ఈశాన్య సరిహద్దు ప్రాంతంలో గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశారు. 1961లో ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. 1964 ఫిబ్రవరి 22న ఆయన కన్నుమూశారు. మరణానంతరం ఆయన ఆత్మకథకు సాహిత్య అకాడమీ బహుమతి లభించింది.

నేడు సవర బొమ్మలు కాగితాలపైన, చీరలపైన అందంగా కనిపిస్తున్నాయి. వాటిని కొని ఇంట అలంకరించుకోవడం సులభం. వాటిని గీసినవారి జీవితాన్ని తెలుసుకోవడానికి మాత్రం ఎల్విన్ వలె కొండలెక్కి, వారి గడపలో కూర్చొని, వారు చెప్పేది వినాలి.