అన్నా కుగ్లరు వైద్యురాలి చరిత్రము

స్వదేశమున సుఖజీవనమునకు వలయు విద్య యుండియు, సముద్రములు దాటి పరుల వ్యాధులు బాపబూనుట సామాన్యము గాదు. అట్టి పుణ్యచరిత అన్నా సారా కుగ్లరు.

ఈమె 1856వ సంవత్సరమున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున జన్మించి, 1879లో ఫిలడెల్ఫియా స్త్రీవైద్యకళాశాలలో పట్టము వడసెను. 1883లో లూథరన్ మిషను పక్షమున గుంటూరు చేరెను. మిషను పెద్దలు తొలుత నామెను వైద్యురాలిగా నియమింపక, స్త్రీలకు విద్య గరపు పనికే పంపిరి. అయినను, ప్రాణముమీదికి వచ్చినను పురుషవైద్యుని యెదుట బడ జంకు ఘోషాస్త్రీల దురవస్థ గాంచి, యామె తనకున్న కొలది సాధనములతోనే చికిత్స ప్రారంభించెను. 1885లో మిషనువారు నామె వైద్యవృత్తి నంగీకరించిరి. 1898లో గుంటూరున స్త్రీలకును శిశువులకును ఆసుపత్రి వెలసెను. ఏలూరు రాజావారు కృతజ్ఞులై రోగుల బంధువులకు దానియెదుట సత్రము గట్టించిరి.

నడుమ స్వదేశమున కేగినను మరల వచ్చి, 1930లో గుంటూరుననే కీర్తిశేషురాలయ్యెను.

నేడు మన బిడ్డలు పెక్కండ్రు వైద్యము నేర్చి యా యమెరికాకే పోవుచున్నారు. పోవుట దోషము గాదు. అచ్చటి పల్లెలందైనను, ఇచ్చటి పల్లెలందైనను, వైద్యుడు లేని చోటు వెదకికొని నిలుచుటయే యామె ఋణము దీర్చుట. సంఘపోషకులు విద్యార్థివేతన మొసగునపుడు ఈ మాట బిడ్డల చెవిని వేయుదురు గాక!