తార్నాకలో ఇంగ్లీషు గురువు, కన్నడ మహాకవి గోకాక్

సికింద్రాబాదు నుంచి ఉప్పల్ వెళ్లే దారిలో తార్నాక వస్తుంది. అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైన ఈ సంస్థ 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలయింది. దాని తొలి ఏళ్లలో డైరెక్టరుగా ఉండి నిలబెట్టినవారు డాక్టర్ వినాయక కృష్ణ గోకాక్. దేశం నలుమూలల నుంచి వచ్చిన ఉపాధ్యాయులకు ఇంగ్లీషు చెప్పే విధానం నేర్పిన ఈ పెద్దమనిషి కన్నడంలో పేరు మోసిన కవి. ఇంగ్లీషు బాగా నేర్వాలి, తల్లిభాషను మాత్రం వదలరాదు అన్నది ఆయన జీవితకాలపు పట్టు.

సావనూరు నుంచి ఆక్స్‌ఫర్డుకు

గోకాక్ 1909 ఆగస్టు 9న కర్ణాటకలోని సావనూరులో జన్మించారు. ఆ రోజుల్లో అది ఒక చిన్న నవాబు సంస్థానం. ధార్వాడలో కళాశాల చదువు చదువుతుండగా మహాకవి బేంద్రే పరిచయం కలిగింది. బేంద్రే చుట్టూ చేరిన మిత్రబృందంలో గోకాక్ ఒకరయ్యారు. ఇంగ్లీషులో కవిత్వం రాయాలని ఉబలాటపడుతున్న యువకుడు ఆ సావాసంతో కన్నడం వైపు మళ్లారు. వినాయక అన్నది ఆయన కలం పేరు.

పుణెలో అధ్యాపకుడిగా పనిచేసి, పై చదువుకు ఆక్స్‌ఫర్డు వెళ్లి, ఇంగ్లీషు సాహిత్యంలో మొదటి తరగతిలో ఉత్తీర్ణులయ్యారు. అక్కడికి వెళ్లినా కన్నడం మరువలేదు. సముద్ర ప్రయాణం ఆయన చేత కన్నడంలో సముద్ర గీతాలు రాయించింది. 1938లో తిరిగి వచ్చాక సాంగ్లీ, వీస్‌నగర్, కొల్హాపూర్, ధార్వాడ కళాశాలల్లో ప్రిన్సిపాలుగా పనిచేశారు. 1958లో బళ్లారిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షత వహించారు. ఆ మరుసటి ఏడే ఇంగ్లీషు సంస్థ బాధ్యత మీద హైదరాబాదు చేరారు.

ఉస్మానియా నేలమీద

ఆయన అడుగుపెట్టిన చోటికి భాషల చరిత్రలో ఒక విశేషం ఉంది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పై చదువులన్నీ ఉర్దూలోనే నడిచాయి. వైద్యం, ఇంజనీరింగు సైతం దేశభాషలో చెప్పవచ్చునని రుజువు చేసిన సంస్థ అది. తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడే పల్లె పిల్లలకు ఆ ఉర్దూ కూడా పరాయిదే అన్నది వేరే సంగతి. 1948లో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసిన తర్వాత అక్కడ ఇంగ్లీషు బోధన వచ్చింది.

అప్పటికి దేశంలో ఇంగ్లీషును ఉంచాలా, తీసేయాలా అన్న తగవు జోరుగా సాగుతోంది. పాఠశాలల్లో పిల్లలు ఏళ్ల తరబడి ఇంగ్లీషు చదివినా నాలుగు వాక్యాలు సొంతంగా రాయలేకపోతున్నారు. లోపం పిల్లలది కాదు, చెప్పే పద్ధతిది అన్న ఆలోచనతోనే ఈ సంస్థ వెలిసింది. ఫోర్డ్ ఫౌండేషన్, బ్రిటిష్ కౌన్సిల్ సాయం అందించాయి. వ్యాకరణ సూత్రాలు బట్టీ పట్టించడం కాక, వాక్యాల అమరికను తేలిక నుంచి కష్టానికి వరుసగా అలవాటు చేయడం, ఉచ్చారణ దిద్దడం వంటివి ఉపాధ్యాయులకు నేర్పారు. ఇంగ్లీషు పాలకుల భాషగా కాక, లోకజ్ఞానానికి కిటికీగా ఉండాలని గోకాక్ భావించారు. భారతదేశంలో ఇంగ్లీషు నేడు, రేపు ఏమిటన్న విషయం మీద 1964లో ఒక పుస్తకం ప్రకటించారు.

హైదరాబాదులో ఉండగానే 1960లో కన్నడ కవితాసంపుటి ద్యావాపృథివికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1961లో పద్మశ్రీ లభించింది. 1966లో బెంగుళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా వెళ్లారు.

మనవాళ్ల ఇంగ్లీషు రచనలు

మనవాళ్లు ఇంగ్లీషులో రాసినది మన సాహిత్యమా, వాళ్ల సాహిత్యమా అన్న ప్రశ్న ఆ రోజుల్లో పండితులను చీల్చింది. ఇంగ్లీషు ఎం.ఏ. అంటే షేక్స్‌పియరు, మిల్టను అనే అనుకునేవారు. భారతీయుల రచనలకు తరగతి గదిలో చోటు దొరకడమే కష్టం. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ 1962లో ఈ సాహిత్య చరిత్రను ఒక పెద్ద గ్రంథంగా వెలువరించారు. గోకాక్ కవిత్వం వైపు నుంచి అదే పనికి పూనుకున్నారు.

1828 మొదలు 1965 వరకు భారతీయులు ఇంగ్లీషులో రాసిన కవితలను ఏరి కూర్చిన ఆయన సంకలనాన్ని 1970లో సాహిత్య అకాడమీ ప్రచురించింది. మన కథలే ఇంగ్లీషులో ఎలా పలికాయో అందులోని కవులను చదివితే తెలుస్తుంది. ఇరవై ఒక్క ఏళ్లకే కన్నుమూసిన బెంగాలీ అమ్మాయి తోరూ దత్ సావిత్రి, ధ్రువుడు, ప్రహ్లాదుల కథలను ఇంగ్లీషు పద్యాల్లో చెప్పింది. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు పల్లకీ బోయీలను, గాజులమ్మేవారిని, ఇక్కడి బజార్లను ఇంగ్లీషులోకి తెచ్చారు.

అందరూ ఒప్పుకోలేదు. పరాయి భాషలో కవిత్వానికి భవిష్యత్తు లేదని బెంగాలీ కవి బుద్ధదేవ బోసు వాదించారు. అరవిందుల ప్రభావం ఉన్న గోకాక్ అభిరుచి పాతదని కొత్తతరం కవులు పెదవి విరిచారు. ఆయన మాత్రం ఈ రచనలు కూడా భారతీయ సాహిత్యంలో ఒక పాయ అన్న నమ్మకం విడవలేదు.

ఆయన పేరిట ఉద్యమం

1980లో కర్ణాటక ప్రభుత్వం పాఠశాలల్లో భాషల స్థానం తేల్చడానికి గోకాక్ అధ్యక్షతన సంఘం వేసింది. అప్పట్లో సంస్కృతం మొదటి భాషగా తీసుకుంటే కన్నడం చదవకుండానే హైస్కూలు దాటవచ్చు. ఉన్నత పాఠశాలల్లో కన్నడమే మొదటి భాషగా ఉండాలని 1981లో సంఘం సిఫారసు చేసింది. అమలులో జాప్యం జరగడంతో రచయితలు, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. 1982లో సినీనటుడు రాజ్‌కుమార్ ముందు నిలవడంతో అది రాష్ట్రమంతటా పాకింది. గోకాక్ ఉద్యమం అన్న పేరు స్థిరపడింది.

ఇంకో వైపు బాధ కూడా ఉంది. కర్ణాటకలోని తెలుగు, ఉర్దూ, తమిళ, మరాఠీ కుటుంబాలు తమ పిల్లల తల్లిభాష ఏమవుతుందని కలవరపడ్డాయి. వ్యవహారం న్యాయస్థానాల దాకా వెళ్లింది. ఒకరి తల్లిభాషకు పీట వేస్తే మరొకరి తల్లిభాషకు చోటు తగ్గుతుందన్న చిక్కు ఆ సిఫారసుతో పూర్తిగా తీరలేదు.

చివరి రోజులు

1981 నుంచి 1985 వరకు అనంతపురం జిల్లా పుట్టపర్తిలో సత్యసాయి విద్యాసంస్థకు వైస్ ఛాన్సలరుగా పనిచేశారు. 1983లో సాహిత్య అకాడమీ అధ్యక్షులయ్యారు. విశ్వామిత్రుడు నాయకుడుగా, ఆర్య ద్రావిడ సంగమం వస్తువుగా ఆయన రాసిన కన్నడ మహాకావ్యం భారత సింధు రశ్మి వేల పంక్తుల గ్రంథం. 1990 సంవత్సరపు జ్ఞానపీఠం ఆయనకు దక్కింది. కన్నడంలో ఆ గౌరవం పొందిన ఐదోవారు. 1992 ఏప్రిల్ 28న పరమపదించారు.

తెలంగాణలో 2018లో పాఠశాలల్లో తెలుగును తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. 2022లో ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం మొదలయింది.  రెండు భాషలూ ఒకే బడిలో బాగా రావాలంటే, చెప్పే పంతులుకు మంచి శిక్షణ కావాలి. గోకాక్ తార్నాకలో కూర్చొని చేసిన పని అదే.