బిషప్ అజరయ్యగారు

మన మహదేవపూరునకు దక్షిణముననున్న డోర్నకలు పేరు వినినంతనే మనకు బిషప్ అజరయ్యగారు జ్ఞప్తికి వత్తురు. వీరు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై గ్రామమున నొక గురువుగారి యింట జన్మించిరి. వై.యమ్.సి.ఏ. కార్యదర్శిగా పేరొందియు, 1909లో ఆ కొలువు విడిచి, గురుపట్టము పొంది డోర్నకలు చేరిరి. మాతృభాష అరవము, ఇచ్చటి బీదల భాష తెలుఁగు. ముప్పది నాలుగేండ్లు దాటిన ప్రాయమున వీరు దానిని శ్రమించి నేర్చిరి.

1912 డిసెంబరు 29న కలకత్తాలో వీరికి బిషప్ పట్టము గట్టిరి. ఆంగ్లికను సంఘమున నా పదవి నందిన ప్రథమ భారతీయులు వీరే. దేశీయుఁడీ భారము మోయఁగలఁడా యని శంకించినవారు కలరు. వారికి వీరి పనియే ప్రత్యుత్తర మయ్యెను. ఎడ్లబండిమీఁదను బైసికిలుమీఁదను పల్లెపల్లెకుఁ బోయి సువార్త చెప్పిరి. పలుమారు సతీమణి అన్బుగారును వెంట నుండిరి. బాప్తిస్మము పొందినవారు తలపైఁ జేయి యుంచుకొని, సువార్త చెప్పుట తమ విధి యని యొప్పుకొనునట్లు నేర్పిరి. హిందూ మహమ్మదీయ శిల్పరీతులు గలిసిన డోర్నకలు దేవాలయము 1939లో ప్రతిష్ఠితమయ్యెను. 1945 జనవరి 1న వీరు పరమపదించిరి. వీరు కోరి పాటుపడిన సంఘైక్యము 1947లో గాని సిద్ధింపలేదు.

బాలబాలికలారా! మన యిండ్లను సైతము బైసికిళ్లు గలవు. అవి యెవరి మేలు కొఱకు పోవుచున్నవో మనము యోచింతము.