సరస్సుల శాస్త్ర పితామహుడు ఫోరెల్

భౌతిక, రసాయన, జీవ శాస్త్రాలను మనం వేర్వేరు పుస్తకాల్లో చదువుతాం. కానీ ఒక సరస్సును తెలుసుకోవాలంటే ఇవన్నీ కలిసి రావాలని నిరూపించిన మహనీయుడు ఫ్రాంస్వా అల్ఫోన్స్ ఫోరెల్.

ఆయన 1841 ఫిబ్రవరి 2న స్విట్జర్లాండ్‌లో, జెనీవా సరస్సు ఒడ్డునున్న మోర్జ్ పట్టణంలో జన్మించారు. వైద్యవిద్య చదివి, లోసాన్‌లో శరీర నిర్మాణ, శరీర ధర్మ శాస్త్రాలు బోధించారు. అయినా ఆయన మనసంతా తన ఊరి సరస్సు మీదే.

లోతైన సరస్సు అడుగున ప్రాణి బతకదని ఆనాడు చాలామంది నమ్మేవారు. 1869లో ఫోరెల్ అడుగు బురదను పైకి తీసి, అందులో జీవులున్నాయని చూపారు. సరస్సు నీరు ఒక్కోసారి ఒడ్డున ఉన్నట్టుండి పెరిగి, మళ్ళీ తగ్గేది. స్థానికులు దీన్ని ‘సేష్’ అనేవారు. గాలి, వాతావరణ పీడనం మారినప్పుడు తొట్టిలో నీళ్ళు ఊగినట్టే సరస్సంతా ఊగుతుందని ఆయన కొలతలతో వివరించారు. జెనీవా దగ్గర ఈ ఊగుకు సుమారు 73 నిమిషాలు పడుతుంది. నీటి రంగును పోల్చి చూసే కొలమానాన్ని కూడా ఆయన తయారుచేశారు.

నీటి వేడి, లవణాలు, జీవులు, చేపలవేట, పడవలు, చరిత్ర అన్నింటినీ కలిపి 1892 నుండి 1904 వరకు మూడు సంపుటాల గ్రంథం వెలువరించారు. ఈ కొత్త శాస్త్రానికి ‘లిమ్నాలజీ’ అని పేరు పెట్టారు. 1912 ఆగస్టు 7న మోర్జ్‌లోనే కన్నుమూశారు.

ఆయన చూపిన దారి విలువ తర్వాత తెలిసింది. 1960, 70 దశకాల్లో మురుగునీరు, బట్టల సబ్బుపొడి, ఎరువుల నుండి భాస్వరం చేరి సరస్సులో నాచు పెరిగింది. అది చచ్చి అడుగున కుళ్ళడంతో ప్రాణవాయువు తగ్గింది. భాస్వరం లెక్క రసాయన శాస్త్రానిది, నాచు లెక్క జీవశాస్త్రానిది, పైనీరు అడుగునీరు కలవడం భౌతికశాస్త్రానిది. ఏ ఒక్కరి వల్లా జబ్బు తేలేది కాదు. ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ కలిసి సంఘం ఏర్పరచి పరిశోధనలు చేయించాయి. మురుగును శుద్ధి చేశారు. 1986లో స్విట్జర్లాండ్ బట్టల సబ్బుపొడుల్లో ఫాస్ఫేట్లను నిషేధించింది. నీటిలో భాస్వరం బాగా తగ్గింది.

మిత్రులారా! ఫోరెల్ తన పరిశోధనను ఇంటి ముందున్న నీటితోనే మొదలుపెట్టారు. సెలవులకు ఊరెళ్ళినప్పుడు మన చెరువు గట్టున కాసేపు నిలబడి చూద్దాం. నీళ్ళ రంగేమిటి, ఏ కాలువ ఏం తెచ్చి కలుపుతోంది, చేపలు ఎప్పుడు తగ్గాయి? నోటు పుస్తకంలో తేదీ వేసి రాసుకుందాం. చెరువు బాగుకు మొదటి మెట్టు అదే.