జ్వరాన్ని మందుగా వాడిన డాక్టర్: విలియం కోలీ గారి జీవితం

సావనీర్ పుటల్లో మహనీయుల జీవితాలు రాసుకోవడం మనకు ఆనవాయితీ. ఎక్కువగా మన పెద్దల గురించే రాసుకుంటాం. ఈసారి మేము పరాయి దేశపు వైద్యుడి కథ ఎత్తుకున్నాం. ఇల్మ్ ఎంత దూరాన ఉన్నా వెళ్లి తెచ్చుకోవాలని మన బుజుర్గులు నేర్పారు గనుక సభ్యులు దీన్ని పరాయి కథ అనుకోరని మా నమ్మకం. పైగా ఇది కేన్సర్‌కు సంబంధించిన కథ. ఆ మర్జ్ పేరు పైకి అనడానికి కూడా జంకే ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి.

విలియం బ్రాడ్లీ కోలీ గారు 1862 జనవరి 12న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, వెస్ట్‌పోర్ట్‌లో పుట్టారు. 1884లో యేల్ విశ్వవిద్యాలయంలో బి.ఏ. పూర్తి చేశారు. వెంటనే డాక్టరీకి పోలేదు. దూరాన ఉన్న ఓరెగాన్ రాష్ట్రానికి వెళ్లి రెండేళ్లు ఒక బడిలో లాటిన్, గ్రీకు భాషలు చెప్పారు. (ఆయన కూడా మా వృత్తిలో కొన్నాళ్లు గడిపారని తెలిసి మాకు ముచ్చటేసింది.) తర్వాత హార్వర్డ్‌లో వైద్యం చదివి 1888లో పట్టా తీసుకుని, న్యూయార్క్ హాస్పిటల్‌లో సర్జరీ పని నేర్చుకున్నారు. మత్తుమందు వచ్చింది, చేతులు, పనిముట్లు శుభ్రం చేసుకునే పద్ధతి వచ్చింది, సర్జన్లకు ధైర్యం పెరిగిన రోజులవి. కోలీ గారు కూడా మంచి సర్జన్‌గా పేరు తెచ్చుకుని, హాయిగా డబ్బు సంపాదించుకుని ఉండేవారే. కానీ ఇరవై ఎనిమిదో ఏట ఒక అమ్మాయి పేషెంటుగా వచ్చింది.

ఆమె పేరు బెస్సీ డాషియెల్. వయసు పదిహేడు. 1890 వేసవిలో రైలు ప్రయాణం చేస్తుండగా సీట్ల మధ్య చేయి ఇరుక్కుని నలిగింది. చిన్న దెబ్బే. అయితే వాపు తగ్గలేదు, నొప్పి పెరుగుతూ పోయింది. అక్టోబరులో కోలీ గారి దగ్గరికి వచ్చింది. మొదట లోపల చీము పట్టిందేమో అనుకున్నారు. చివరికి అది సార్కోమా అని తేలింది. ఎముక, కండ వంటి చోట్ల పుట్టే కేన్సర్‌ను సార్కోమా అంటారు. నవంబరులో ఆమె చేతిని మోచేతి కింద నుంచి తీసివేశారు. అప్పటికే జబ్బు ఒళ్లంతా పాకింది. 1891 జనవరి 23న ఆ అమ్మాయి కన్ను మూసింది. కోలీ గారు తనకు చేతనైనదంతా, పుస్తకాల్లో ఉన్నదంతా చేశారు. అదేదీ పనికి రాలేదు.

ఆమెను సొంత చెల్లెలిలా చూసుకున్న స్నేహితుడు ఒకడున్నాడు, జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్. ప్రపంచంలోకెల్లా ధనవంతుడైన చమురు వ్యాపారి కొడుకు. తర్వాతి కాలంలో ఆ కుటుంబం వైద్య పరిశోధనలకు ధారాళంగా డబ్బు ఇవ్వడంలో ఈ చావు తాలూకు దుఃఖం కూడా ఉందని చెబుతారు.

డాక్టర్లకు పేషెంట్లు పోవడం కొత్త కాదు. రెండు రోజులు బాధపడి మళ్లీ పనిలో పడతారు. కోలీ గారు అలా చేయలేకపోయారు. న్యూయార్క్ హాస్పిటల్ పాత రిజిస్టర్లు ముందేసుకుని, వెనుకటి పదిహేనేళ్లలో వచ్చిన సార్కోమా కేసులన్నీ ఒక్కొక్కటే చదివారు. ఎక్కడ చూసినా ఒకటే ముగింపు. ఒక్క కాగితం మాత్రం వేరుగా ఉంది.

స్టైన్ అనే జర్మను మనిషి. గోడలకు రంగులు వేసుకుని బతికే పేదవాడు. మెడ దగ్గర సార్కోమా గడ్డ. కోసిన ప్రతిసారీ మళ్లీ పెరిగింది. ఇక లాభం లేదని డాక్టర్లు వదిలేశారు. అంతలో ఆపరేషన్ పుండుకు ఎరిసిపెలస్ పట్టుకుంది. మన హకీంలు సుర్ఖ్‌బాదా అనే జబ్బు అది. చర్మం ఎర్రగా కాలినట్లయి, ఉబ్బి, విపరీతమైన బుఖార్ వస్తుంది. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి దానికి కారణం. ఆ రోజుల్లో దానికి మందు లేదు, ఎంతోమంది ఆసుపత్రుల్లోనే దానితో పోయేవారు. స్టైన్‌కు జ్వరం వచ్చినప్పుడల్లా గడ్డ కరగసాగింది. జ్వరం పోయేసరికి గడ్డ కూడా పోయింది. నడుచుకుంటూ ఇంటికి వెళ్లాడు. రిజిస్టరులో అంతే రాసి ఉంది.

అతడు బతికున్నాడా, గడ్డ మళ్లీ వచ్చిందా అన్నది రిజిస్టరు చెప్పదు. కోలీ గారు స్వయంగా వెతకడానికి బయలుదేరారు. న్యూయార్క్‌లో లోయర్ ఈస్ట్ సైడ్ అని వలస వచ్చిన పేదల పేట ఉండేది. ఇరుకు మెట్లు, ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం. సరైన చిరునామా లేకుండా మన పాతబస్తీ గల్లీల్లో ఒక మనిషిని వెతకడం ఎలా ఉంటుందో మన వాళ్లకు తెలుసు. ఆయన తలుపు తలుపూ తట్టి అడిగారు. చివరికి 1891లో స్టైన్ దొరికాడు. మెడ మీద పెద్ద మచ్చ తప్ప జబ్బు జాడ లేదు, ఏడేళ్ల తర్వాత కూడా. కోలీ గారి జీవితంలో మాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. కాగితం మీది వింతను నమ్మేసి ఊరుకోలేదు, కొట్టిపారేయలేదు, వెళ్లి కళ్లారా చూసి వచ్చారు.

ఇక ఆయన చేసిన పని వింటే ఈ రోజు ఒళ్లు జలదరిస్తుంది. ఆ జబ్బునే కావాలని రోగికి ఎక్కించారు. జోలా అనే ఇటలీ మనిషికి మెడలో గడ్డ, గొంతులో గడ్డ, మెతుకు దిగడం లేదు. కొద్ది వారాల మనిషి అన్నారు. 1891 మే నెల నుంచి బతికున్న స్ట్రెప్టోకాకస్‌ను గడ్డలోకి ఇంజక్షన్ చేస్తూ వచ్చారు. కొంచెం ఒళ్లు వెచ్చబడటం తప్ప పెద్ద ఫలితం లేదు. అక్టోబరులో జర్మనీ నుంచి, సుప్రసిద్ధ శాస్త్రవేత్త రాబర్ట్ కోక్ గారి ప్రయోగశాల నుంచి బలమైన సూక్ష్మజీవులు వచ్చాయి. ఆ ఇంజక్షన్‌తో అసలు సుర్ఖ్‌బాదా వచ్చింది. రోగి పోతాడనే అనుకున్నారు. పోలేదు. మెడ గడ్డ మెత్తబడి చితికి రెండు వారాల్లో కరిగిపోయింది. గొంతు గడ్డ పూర్తిగా పోలేదు గాని పెరగడం ఆగింది. ఆ మనిషి మరి ఎనిమిదేళ్లు బతికి, తర్వాత జబ్బు తిరగబెట్టి చనిపోయాడు.

అందరికీ ఇలా జరగలేదు. కొందరికి ఎన్నిసార్లు ఎక్కించినా జ్వరం రాలేదు. ఇద్దరు రోగులు ఆ జ్వరంతోనే చనిపోయారు. ఈ సంగతి దాచిపెట్టి కోలీ గారిని పొగడటం మాకు ఇష్టం లేదు. మరో దారి లేని రోగులు అన్నది నిజమే, అయినా ప్రాణం ప్రాణమే.

ఆయనకూ ఆ భారం తెలిసింది. బతికున్న సూక్ష్మజీవులను మానేసి, వేడిచేసి చంపిన వాటిని వాడారు. స్ట్రెప్టోకాకస్‌కు తోడుగా ప్రొడిజియోసస్ అనే మరో రకాన్ని కలిపారు. చచ్చిన జీవి జబ్బును అంటించలేదు గాని దానిలోని విషం శరీరాన్ని రెచ్చగొట్టి జ్వరం తెప్పిస్తుంది. వీటికే కోలీ టాక్సిన్లు అని పేరు వచ్చింది. 1893 జనవరి 24న జాన్ ఫికెన్ అనే పదహారేళ్ల కుర్రవాడికి మొదటిసారి ఇచ్చారు. పొట్టలో పెద్ద గడ్డతో మంచం మీంచి లేవలేని స్థితి. దాదాపు నాలుగు నెలలు ఇంజక్షన్లు నడిచాయి. ప్రతిసారీ వణుకు, జ్వరం. గడ్డ క్రమంగా చిక్కిపోయింది. ఆ కుర్రవాడు 26 ఏళ్లు బతికాడు. 1919లో గుండెపోటుతో పోయాడు, కేన్సర్‌తో కాదు.

మన ఒంట్లో తెల్ల కణాలు రాత్రి పారా తిరిగే చౌకీదారుల వంటివి. బయటి దొంగ వస్తే పట్టుకుంటాయి. కేన్సర్ కణం ఇంటి మనిషి వేషంలో ఉంటుంది గనుక దాన్ని చూసీ చూడనట్లు పోతాయి. గట్టి అలజడి లేస్తే పారావాళ్లంతా మేలుకుని ఇల్లిల్లూ సోదా చేస్తారు, అందులో ఇంటిదొంగ కూడా దొరికిపోవచ్చు. ఇది ఇప్పుడు మనం చెప్పుకునే వివరణ. కోలీ గారి కాలంలో ఈ కణాల సంగతి ఎవరికీ సరిగా తెలియదు. ఆయనకు ఫలితం కనబడింది, కారణం కనబడలేదు. కేన్సర్‌కు మూలం కూడా ఏదో సూక్ష్మజీవే అని ఆయన నమ్మేవారు. అది నిలవలేదు.

1899 నుంచి పార్క్-డేవిస్ అనే మందుల కంపెనీ ఈ టాక్సిన్లు తయారుచేసి అమ్మింది. కోలీ గారు నలభై ఏళ్లలో వెయ్యిమందికి పైగా రోగులకు ఇచ్చారు. జీవనానికి హెర్నియా ఆపరేషన్లు చేసేవారు, అందులో, ముఖ్యంగా పిల్లల కేసుల్లో, ఆయనకు గొప్ప పేరు. మెమోరియల్ హాస్పిటల్‌లో ఎముకల కేన్సర్ విభాగానికి పెద్దగా ఉన్నారు.

మరి వైద్యలోకం ఆయన్ని ఎందుకు నమ్మలేదు? కొంత కాల ప్రభావం. 1895లో ఎక్స్‌రే వచ్చింది, 1898లో రేడియం వచ్చింది. మిషను కింద పడుకోబెడితే గడ్డ తగ్గుతుంటే, రోగిని నెలల తరబడి వణికించే ఇంజక్షన్లు ఎవరికి కావాలి? మెమోరియల్‌లోనే జేమ్స్ ఈవింగ్ గారు అనే మహా పండితుడు రేడియం పక్షాన నిలబడి టాక్సిన్లను గట్టిగా వ్యతిరేకించారు. అసూయ వల్ల వ్యతిరేకించారని కొందరు రాస్తారు. మాకు అలా అనిపించదు. తప్పు కోలీ గారి వైపు కూడా ఉంది, అదీ చిన్నది కాదు. ఆయన టాక్సిన్లు ఒక్క తీరున ఉండేవి కావు. పదికి పైగా రకాల తయారీలు నడిచాయి, ఒకటి ఘాటు, ఒకటి చప్పన. ఒకరికి గడ్డలోకి, ఒకరికి కండలోకి, ఒకరికి నరంలోకి. కొందరికి నెల, కొందరికి ఆరు నెలలు. కొందరికి ఆపరేషన్, ఎక్స్‌రే కూడా జరిగి ఉండేవి. కొన్ని కేసుల్లో అసలు అది కేన్సరేనని సూక్ష్మదర్శిని కింద రుజువు చూపలేకపోయారు. తర్వాత రోగి ఏమయ్యాడన్న లెక్క అన్నిచోట్లా లేదు. స్టైన్ కోసం గల్లీ గల్లీ తిరిగిన మనిషే తన సొంత లెక్కలు కట్టుదిట్టంగా పెట్టకపోవడం విచారకరం. అణా పైసల పద్దు సరిగా లేకపోతే నిజాయితీపరుడైన కోశాధికారిని కూడా సభ్యులు నమ్మరు గదా!

1936 ఏప్రిల్ 16న న్యూయార్క్‌లో ఆయన చనిపోయారు. 74 ఏళ్లు. టాక్సిన్లు మెల్లగా మూలపడ్డాయి. 1965లో అమెరికన్ కేన్సర్ సొసైటీ వాటిని రుజువు కాని వైద్యాల జాబితాలో చేర్చింది, పది సంవత్సరాల తర్వాత తీసేసింది.

ఇక్కడ ఒక మాట మన కుటుంబాలవారికి చెప్పక తప్పదు. ఇది చదివి, జ్వరం కాస్తే కేన్సర్ పోతుందట అని ఎవరూ అనుకోరాదు. కోలీ గారి రోగుల్లో గుణం కనపడనివారు చాలామంది. సార్కోమాకు పనిచేసినంతగా ఇతర కేన్సర్లకు పనిచేయలేదని ఆయనే ఒప్పుకున్నారు. టాక్సిన్లు ఇప్పుడు మామూలు వైద్యంలో లేవు. రొమ్ములో గడ్డ, నోట్లో మానని పుండు కనబడితే చిట్కాలతో, దాచుకోవడంతో నెలలు గడపరాదు. హైదరాబాదు రెడ్ హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ గారి పేరు మీద ఉన్న కేన్సర్ ఆసుపత్రి పేదల కోసమే ఉన్నది.

కోలీ గారి కుమార్తె హెలెన్ కోలీ నౌట్స్ 1907లో పుట్టారు. డాక్టరు కాదు, కాలేజీ చదువు లేదు. తండ్రి పోయాక ఆయన జీవితచరిత్ర రాద్దామని పాత కాగితాలు తీశారు. వేల ఉత్తరాలు, కేసు షీట్లు. జీవితచరిత్ర పక్కన పెట్టి లెక్క కట్టడం మొదలుపెట్టారు. ఏ రోగికి ఏ రకం మందు, ఎన్ని రోజులు, జ్వరం ఎంత వచ్చింది, ఆ తర్వాత ఎన్నేళ్లు బతికాడు అని వందలాది కేసులను ఒక్కొక్కటే వరుసలో పెట్టారు. వైద్యవిద్య తనకు తానే నేర్చుకున్నారు. పెద్ద పెద్ద డాక్టర్లు ముఖం చాటేసినా వదలలేదు. తండ్రి చేయని పద్దు కూతురు చేసింది. 1953లో నెల్సన్ రాక్‌ఫెల్లర్ ఇచ్చిన 2000 డాలర్లతో కేన్సర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. బెస్సీని చెల్లెలిలా చూసుకున్న రాక్‌ఫెల్లర్ జూనియర్ కొడుకే ఈ నెల్సన్.

ఆ సంస్థకు తర్వాత వైద్య నాయకత్వం వహించిన లాయిడ్ ఓల్డ్ గారు 1959లో ఒక విశేషం చూపించారు. బి.సి.జి. ఎక్కించిన ఎలుకలు కేన్సర్ గడ్డను బాగా ఎదిరించాయి. బి.సి.జి. అంటే మన పిల్లలకు పుట్టగానే క్షయ రాకుండా ఎడమ భుజానికి వేసే టీకాయే. 1975లో ఓల్డ్ గారు, ఆయన సహచరులు కలిసి, సూక్ష్మజీవుల విషానికి రెచ్చిపోయిన శరీరం గడ్డను చంపే ఒక పదార్థాన్ని తానే తయారు చేస్తుందని కనిపెట్టారు. 1976లో కెనడాలో మొరాలెస్ అనే డాక్టరు మూత్రాశయపు కేన్సర్ ఉన్న తొమ్మిదిమందికి బి.సి.జి.ని గొట్టం ద్వారా మూత్రాశయంలోకే పోసి మంచి ఫలితాలు ప్రకటించారు. లోతుకు పోని మూత్రాశయ కేన్సర్‌కు ఆ వైద్యం ఈనాటికీ ఉన్నది, మన దేశంలో కూడా.

హెలెన్ గారు 2001 జనవరిలో, 93వ ఏట చనిపోయారు. 2018లో వైద్య నోబెల్ బహుమతి అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ ఆలిసన్ గారికి, జపాను శాస్త్రవేత్త తసుకు హోంజో గారికి వచ్చింది. తెల్ల కణాలకు ఉండే బ్రేకులను వదులు చేస్తే అవి కేన్సర్ మీద పడతాయని చూపినందుకు. హెలెన్ గారి సంస్థ 1975 నుంచి ఆమె తండ్రి విలియం కోలీ గారి పేరు మీద ఒక అవార్డు ఇస్తోంది. నోబెల్ రాకముందే ఆ ఇద్దరికీ ఆ అవార్డు ముట్టింది.