సురవరం ప్రతాపరెడ్డిగారు

నిజాము పాలించిన హైదరాబాదు సంస్థానములో అన్ని భాషలవారికంటె తెలుగువారే ఎక్కువ. అయినను కచేరీలలోను న్యాయస్థానములలోను ఉర్దూయే చెల్లుబడియయ్యెను. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందును బోధనాభాష ఉర్దూయే. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన ఒక సంఘసంస్కార సభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా సభికులలో కొందరు గేలిచేసిరి. ఆ పరాభవమునుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను. స్వదేశముననే పరాయిదైన భాషకు నోరిచ్చి నిలిపిన మహనీయులలో సురవరం ప్రతాపరెడ్డిగారు అగ్రగణ్యులు.

ఆయన 1896 మే 28వ తేదీన నాటి మహబూబునగరం జిల్లాలోని ఇటిక్యాలపాడు గ్రామమున జన్మించిరి. స్వగ్రామము బోరవెల్లి. మదరాసులో చదివి పట్టభద్రులై, న్యాయశాస్త్రమును కూడ అభ్యసించిరి. వకీలుగా స్థిరపడి సుఖముగా బ్రతుకుటకు కావలసిన అర్హతలన్నియు ఆయనకు కలవు. కాని ఆయన మనసు అటు నిలువలేదు. హైదరాబాదులోని రెడ్డి వసతిగృహమునకు కార్యదర్శియై, గ్రామములనుండి చదువులకై వచ్చిన బాలురకు పెద్దదిక్కైరి.

1926 మే నెలలో గోలకొండ పత్రిక వెలువడెను. అది వారమునకు రెండుమార్లు వచ్చెడి పత్రిక. పాఠకులు తక్కువ, ధనము అంతకంటె తక్కువ, ప్రభుత్వపు నిఘా మాత్రము మిక్కుటము. బహిరంగసభ జరుపుటకే ముందుగా అనుమతి పొందవలసిన కాలమది. అట్టి పరిస్థితులలో సంపాదకీయము వ్రాయుట మొదలుకొని ప్రూఫులు దిద్దుట వరకు రెడ్డిగారే చూచుకొనిరి. పలు మారుపేర్లతో వ్యాసములు వ్రాసి పత్రికను నింపిరి. వెట్టిచాకిరి, రైతుల కడగండ్లు, తెలుగు పాఠశాలల కొరత, గ్రంథాలయముల ఆవశ్యకత ఆ పత్రికలో చర్చకు వచ్చెను. 1930లో జోగిపేటలో మొదటి నిజామాంధ్ర మహాసభ జరుగగా, అధ్యక్షపీఠము ఆయనకే దక్కెను.

ఇంతలో తెలంగాణమున తెలుగు కవులు లేరని ఒక విమర్శ బయలుదేరెను. రెడ్డిగారు కోపముతో కేకలు వేయలేదు. పత్రికాకర్త చేయదగిన పని చేసిరి. కవుల వివరములను, పద్యములను పంపుడని గోలకొండ పత్రిక ద్వారా కోరిరి. పల్లెపల్లెనుండి ఉత్తరములు వచ్చెను. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడెను. అంతటితో ఆ వాదము మూగవోయెను. ఆక్షేపణకు ఆధారముతో బదులు చెప్పుట ఆయన పద్ధతి.

ఆ పద్ధతియే ఆయన చరిత్రరచనలోను కానవచ్చును. 1949లో ప్రకటితమైన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధములకంటె ప్రజల తిండి, కట్టుబట్ట, ఆటపాటలు, పండుగలు, వర్తకము, నమ్మకములు ముఖ్యస్థానము వహించినవి. పాల్కురికి సోమనాథుని కృతులు, క్రీడాభిరామము, ఆముక్తమాల్యద, శుకసప్తతి మున్నగు కావ్యములనుండి ఆయన సామాన్యుని బ్రతుకును ఏరి కూర్చిరి. కావ్యమును కేవలము రసాస్వాదనకే చదివెడివారికి అది క్రొత్త చూపునొసగెను.

1952లో వయోజన ఓటుహక్కుపై హైదరాబాదు రాష్ట్రమునకు తొలి ఎన్నికలు జరిగెను. వనపర్తి ఓటర్లు ప్రతాపరెడ్డిగారిని కాంగ్రెసు పక్షమున శాసనసభకు పంపిరి. ఇరువదియైదేండ్లు కాగితముపై ప్రజల కష్టములను విన్నవించిన కలమునకు శాసనసభలో ఆసనము లభించెను. మంత్రిపదవి ఆయనను వరింపలేదు. సభ్యత్వమైనను చిరకాలము నిలువలేదు. 1953 ఆగస్టు 25న, ఏబదియేడేండ్ల వయసున, ఆయన పరమపదించిరి.

1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు మొట్టమొదటి బహుమానమును ఆంధ్రుల సాంఘిక చరిత్రకు ప్రకటించెను. అందుకొనుటకు గ్రంథకర్త లేరు. తరువాతి కాలమున రాష్ట్రముల సరిహద్దులు పలుమార్లు మారినవి: 1956లో ఆంధ్రప్రదేశము, 2014లో తెలంగాణము ఏర్పడెను. ఆయన పనిచేసిన హైదరాబాదు సంస్థానము నేడు పటములో లేదు. ఆయన పేరు పేరునా ఏర్చి కూర్చిన 354 మంది కవులు మాత్రము ఆ సంచికలో నిలిచియున్నారు. పరభాషల నడుమ ఉద్యోగములు చేయుచు ఇంట తెలుగును కాపాడుకొను కుటుంబములకు ఆయన జీవితము చూపెడి మార్గము సుగమమే: లేదన్నవారితో కలహింపక, ఉన్నదానిని శ్రద్ధతో ప్రోగుచేసి చూపుట.